ఒక్క స్టార్ సారు

బంతి జారి కింద పడింది.

పిల్లలు గొల్లున నవ్వారు.

"పడ్డదా? పడనీ," అంటూ వెంకటనారాయణ వంగి తీసుకున్నాడు. మళ్ళీ ఎగరేశాడు. మళ్ళీ పడింది.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న వాసంతి టీచరుకు ప్రాణం ఉసూరుమంది.

హఫీజ్‌పేట్‌లో సర్కారు బడి అది. వరండాలో నిలబడితే దూరంగా హైటెక్ సిటీ అద్దాల మేడలు కనిపిస్తాయి. ఆ మేడల్లోని ఒక కంపెనీ ప్రతి శనివారం ఒక మనిషిని పంపిస్తామంది. బంతులు ఎగరేసి పట్టుకునే ఆట నేర్పుతాడట. జగ్లింగ్ అంటారట. దానివల్ల పిల్లలకు ధైర్యం, పట్టుదల వస్తాయట.

వాసంతి వెంటనే సరేనంది. అప్పుడామె మనసులో ఉన్నది కృష్ణప్రియ ఒక్కతే.

ఏడో తరగతి కృష్ణప్రియకు లెక్కలు బాగా వచ్చు. కానీ ఒక్కటి తప్పిందంటే ఇక పెన్ను పట్టదు. మొన్నటి పరీక్షలో మొదటి లెక్క తప్పిందని మిగతా పేపరంతా తెల్లగా ఇచ్చేసింది. "ఇగ నాతోని కాదు టీచర్," అంది. ఇంకోసారి తెల్లకాగితం ఇచ్చి వస్తే బడి మానిపిస్తానని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది.

అలాంటి పిల్లకు ధైర్యం నూరిపోస్తాడనుకుంటే, వచ్చినాయన చేతిలో రెండు బంతులు కూడా నిలవడం లేదు.

మొదటి శనివారం మరీ అన్యాయం. పాత సాక్సుల్లో బియ్యం పోసి కుట్టిన బంతులు తలా రెండు పంచి, "ఇయ్యాల పట్టుకునుడు లేదు. పైకెయ్యాలె, కింద పడనియ్యాలె, వంగి తీస్కోవాలె. గంతే," అన్నాడు.

పీరియడంతా అదే పని.

"పడెయ్యడం మా పిల్లలకు బాగానే వచ్చండీ. అది కూడా నేర్పాలా?" అంది వాసంతి, ఉండబట్టలేక.

"వంగుడు నేర్పాలె మేడమ్. అదే కష్టం," అన్నాడాయన.

తర్వాతి వారం పట్టుకోవడం మొదలైంది. కృష్ణప్రియ బంతి పడింది. పిల్ల మొహం మాడిపోయింది. రెండో బంతి కూడా బల్ల మీద పెట్టేసి గోడవైపు నడిచింది.

అంతలో ఆయన బంతి కూడా దబ్బున పడింది.

"సార్, మీది గూడ పడ్డది," అంది కృష్ణప్రియ, ఆగి.

"పడ్డది బిడ్డా. ఎవరు ముందుగాల తీస్తరో చూద్దాం పా."

ఇద్దరూ ఒకేసారి వంగారు. కృష్ణప్రియే ముందు తీసింది. ఆ పిల్ల నవ్వడం తరగతిలో చాలామంది చూడటం అదే మొదటిసారి.

వాసంతి మాత్రం నేలనే చూసింది. పిల్లల బంతులూ కిందే, సారు బంతులూ కిందే.

ఈ ఊళ్ళో బిర్యానీకీ స్టార్లే, క్యాబుకీ స్టార్లే. వచ్చిన మనిషి గుమ్మం దాటకముందే ఎన్ని స్టార్లిస్తారని ఫోను ప్రాణం తీస్తుంది. కంపెనీ కూడా అలాగే అడిగింది. వాసంతి ఒక్క స్టార్ నొక్కింది. ఊరుకోకుండా, "మనిషి మంచివారు. కానీ ఆయనకే ఆట రాదు," అని కింద రాసింది కూడా.

ఆ మరుసటి వారమే పరీక్ష.

కృష్ణప్రియ పేపరును వాసంతి భయపడుతూనే తెరిచింది. మొదటి లెక్క తప్పే. దాని మీద ఒక్క గీత. దాని కిందే మళ్ళీ చేసిన లెక్క. మిగతా పేపరంతా నిండుగా ఉంది.

తాను ఇన్నాళ్ళూ చెప్పిన సుద్దులే పనిచేశాయని టీచరు తెగ మురిసిపోయింది.

శనివారం వెంకటనారాయణ రాలేదు. లోహిత్ అనే కుర్రాడు వచ్చాడు. మెడలో కంపెనీ ఐడీ కార్డు, మొహం నిండా నవ్వు. వస్తూనే ఐదు బంతులు గాలిలోకి లేపాడు. ఒక్కటి కింద పడితే ఒట్టు.

పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. వాసంతి కూడా చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడు మీ వంతు. ఎవరొస్తారు?" అన్నాడు లోహిత్.

ఎవరూ కదల్లేదు. నిన్నమొన్నటిదాకా బంతుల కోసం కొట్టుకున్న పిల్లలు నేలచూపులు చూశారు.

చివరికి కృష్ణప్రియ లేచింది. ఎగరేసింది. బంతి పడింది.

అలవాటుగా పక్కకు చూసింది. అక్కడ ఇంకో బంతి పడలేదు.

"పడనీ," అనుకుంది పైకే. వంగి తీసుకుని మళ్ళీ ఎగరేసింది.

వెనక బల్లల నుంచి ఇంకొకరు లేచారు. తర్వాత మరొకరు. కాసేపట్లో గది నిండా దబ్బు దబ్బున బంతులు పడుతూనే ఉన్నాయి, పిల్లలు నవ్వుతూ వంగుతూనే ఉన్నారు.

వాసంతికి ఆ పరీక్ష పేపరు, కొట్టేసిన లెక్క, దాని కింద మళ్ళీ చేసిన లెక్క గుర్తొచ్చాయి. మనసు కలుక్కుమంది.

"ముందు వచ్చినాయన ఏరండీ?" అని లోహిత్‌ని అడిగింది.

"జీడిమెట్లలో ఒక బడికి వేశారు మేడమ్. ఈ ఏడాదంతా అక్కడే ఉంటారు."

"నేనే తొందరపడ్డానండీ. ఆయనకు ఆట రాకపోయినా, మా పిల్లలకు కావలసింది ఆయనే నేర్పారు. అక్కడైనా ఎవరూ ఆయన్ని తక్కువ చేయకుండా చూడండి."

లోహిత్ అయోమయంగా చూశాడు.

"ఆట రాకపోవడమేంటి మేడమ్? వెంకటనారాయణ సారు సర్కస్‌లో పుట్టి పెరిగిన మనిషి. నాకు నేర్పింది కూడా ఆయనే. ఇన్నేళ్ళలో ఆయన చేతిలోంచి ఒక్క బంతి జారిపోగా నేను చూళ్ళేదు."