అమ్మ అక్కడుంది

"అమ్మ అక్కడుంది. నేను నాయనమ్మని. అను."

నాలుగేళ్ళ వలి మూతి బిగించాడు. అమీర్‌బీ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పొద్దుట్నుంచీ ఇదే రభస. నాయనమ్మా అంటే తప్ప మెతుకు పెట్టేది లేదని మొండికేసింది మహాతల్లి.

తప్పు వాడిదా అంటే కాదు. అమీర్‌బీ చిన్నకొడుకు మస్తాన్ ఎలా పిలిస్తే వాడూ అలాగే. మస్తాన్ అమ్మా అంటాడు కాబట్టి అమీర్‌బీ వాడికి అమ్మ. వదినా అంటాడు కాబట్టి పెద్దకోడలు జోహరాబీ వాడికి వదిన. ఉమ్మడి కొంపల్లో ఇది మామూలే, పెద్దయ్యాక పిల్లలే మారతారు. అంతవరకూ ఆగడానికి అమీర్‌బీకి తీరిక లేదు. పెద్దకొడుకు సుభానీకి గుంటూరు మిరపకాయల కొట్లో పని దొరికింది. రేపే పెళ్ళాన్నీ వలినీ తీసుకుని కొత్తగా పడ్డ బస్సులో వెళ్ళిపోతున్నాడు. అక్కడికి పోయి వీడు అమ్మ కావాలని ఏడిస్తే పరువుంటుందా?

తలుపు వార జోహరాబీ కళ్ళొత్తుకుంటోంది. అది చూసేసరికి అమీర్‌బీకి ఒళ్ళు మండింది.

"నీకు రోషం లేదటే? వాడు వదినా అంటుంటే ఊఁ కొడతావా?" అని విరుచుకుపడింది. పసివాణ్ణి వదిలెయ్యమని అడ్డం రాబోయిన మొగుడు బుడాన్‌కీ పడ్డాయి చివాట్లు. అతను కండువా దులుపుకుని పొలానికి పోయాడు.

"అమ్మా, ఆకలి," అన్నాడు వలి.

వీపు మీద ఫెడీమని ఒక్కటి పడింది.

వాడు వెక్కి వెక్కి, ఆఖరికి "నాయనమ్మా" అన్నాడు. జోహరాబీని చూపించి ఎవరని గద్దిస్తే "అమ్మ" అన్నాడు. ఆ ఒక్క ముద్దా వాడి నోట్లో పెట్టి, పళ్ళెం కోడలి చేతికిచ్చి, అమీర్‌బీ విసవిసా పెరట్లోకి నడిచింది. ఎండబోసిన మిరపకాయల ముందు కూలబడి రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఎండనీ, కోళ్ళనీ, సుభానీ ఉద్యోగాన్నీ కలిపి తిట్టిపోసింది.

వాడికి అన్నం తినిపించి జోహరాబీ వచ్చి పక్కన కూర్చుంది. తనూ రెండు తాలుకాయలు ఏరి పక్కన పడేసింది.

"నీవల్లే నా ఒడి నిండింది, నాకది చాలు. ఇవాళ ఒక్కరోజూ వాణ్ణి నిన్ను అమ్మా అననియ్యత్తా," అంది గొంతు తగ్గించి.

"వాణ్ణి కన్నది నువ్వేగా, అత్తా."