రెండే నిమిషాలు

తెర మీద బాణం మళ్లీ ఆగిపోయింది.

"వీడు కునుకు తీస్తున్నాడే," అంటూ నెరెయిదా బల్ల మీద చరిచింది.

"వీడేంటమ్మా, గుడ్లగూబ అను," అంది కూతురు లియూబా.

సాంతియాగోలో ఆ పేట జనం మిద్దెల మీదుగా తామే తీగలు లాగి కట్టుకున్న నెట్‌లో అందరివీ మారుపేర్లే. గుడ్లగూబ ముఖం ఎవరూ ఎరుగరు. బ్రౌజర్ తెరిచి అతనిచ్చిన అంకెలు కొడితే, అతని కంప్యూటర్ నుంచి నేరుగా వచ్చి మన మౌస్ పట్టుకుంటాడు. పని చేసిపెట్టి పోతాడు.

లియూబా ట్రంపెట్ వాయించిన రికార్డింగ్ నాలుగింటికల్లా సంగీత పాఠశాలలో ఇవ్వాలి. ఆ ఫైలు కాస్తా పాడైంది. మళ్లీ వాయిద్దామంటే అరువు ట్రంపెట్ నిన్ననే తిరిగిచ్చేశారు.

ఇప్పుడు మూడున్నర. ఫైలు సగమే బాగుపడింది.

నెరెయిదా టకటకా కొట్టింది: "నత్తకు అప్పజెప్పినా ఈపాటికి అయ్యేది."

బాణం కదల్లేదు. పైన మిద్దె మీద మాత్రం అడుగుల చప్పుడైంది.

గబగబా మెట్లెక్కింది. పక్కింట్లో కొత్తగా దిగిన ముసలాయన పిట్టగోడ దాటి వచ్చి, పాత ఫోను తీగ మీద ఆమె పొద్దున ఆరేసిన తడి దుప్పట్లు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంటున్నాడు.

"ఏం తాతా, నా దుప్పట్లు కావలసొచ్చాయా?"

"రెండు నిమిషాలు ఆగమ్మా. ఈ బరువుకి తీగ..."

"ఆగే తీరిక నాకెక్కడుంది? ఈ వయసులో దొంగ బుద్ధులేంటి, సిగ్గు లేదూ?"

కిందినుంచి లియూబా కేకేసింది. "అమ్మా, ఫైలు కదులుతోంది! తొంభై శాతం దాటింది!"

నెరెయిదా ఆఖరి దుప్పటి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తీగ పుటుక్కున తెగింది.

"పోతే పోయింది, పనికిమాలిన తీగ. ముందు నువ్వు నా మిద్దె మీంచి కదులు."

ముసలాయన తెగిన కొసను చేతిలోకి తీసుకుని చూశాడు. దుప్పట్లు మడిచి గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు.

కిందికొస్తే బాణం బిగుసుకుపోయి ఉంది. మూడూ యాభై.

"చచ్చినోడు మళ్లీ ఎటు పోయాడే?"

లియూబా కళ్లు తుడుచుకుంటూ తెర మూల చూపించింది. గుడ్లగూబ ఎప్పుడో కొట్టిన మాటలు ఇందాక తీగ తేలికపడ్డప్పుడు వచ్చి చేరాయి.

"మా పక్క మిద్దె మీద ఎవరో మన తీగకే తడి దుప్పట్లు ఆరేశారమ్మా, అందుకే ఆగుతోంది. గోడ దాటి వెళ్లి తీసేసి వస్తా, రెండే నిమిషాలు."