కౌజు కూతకు మూడు ర్ర-లు

"కిర్ర్ అని ఎంతసేపు లాగల్ల మామా?" అని అడిగాడు అభిలాష్.

గొంతు ఆపరేషనయ్యాక అమీర్ బాషాకు మాట పోయింది. ఫోన్ తీసి టకటకా కొట్టాడు. అభిలాష్ వాట్సాప్ మోగింది.

"కిర్ర్‌ర్‌ర్... కిర్ర్‌ర్‌ర్... టక్! మూడు ర్ర-లు. టక్ దగ్గర ఊపిరి బిగబట్టల్ల."

వాకిట్లో జొన్నలు చెరుగుతున్న ఆయన కూతురు ఆస్మాకు ఒళ్లు మండిపోయింది. కౌజుపిట్టలను కూతపెట్టి పిలవడంలో ఒకప్పుడు జమ్మలమడుగు చుట్టుపక్కల అమీర్ బాషాను మించినవాడు లేడు. ఆస్మా పుట్టిన ఏడే ఉచ్చులు తగలబెట్టి, ఇక పిట్టల జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడేమో ఇంత నిర్వాకం!

"రేపు పులివెందుల నుంచి దోస్తులు వస్తాండారు. కౌజుల కూర లేకుంటే నా పరువేం గావల్ల? మీ శనగచేలో గుంపే ఉందంట గదా!" అన్నాడు అభిలాష్.

ప్రొద్దుటూరులో అభిలాష్ వాళ్లది బట్టల కొట్టు. ఆపరేషన్‌కు కర్నూలు దాకా కారు పంపింది అతనే. తండ్రి కాదనలేకపోయింది అందుకేనని ఆస్మాకు తెలుసు.

అతను వలలు తీసుకుని చేలోకి పోగానే ఆమె తండ్రి మీద విరుచుకుపడింది.

"కారు పంపినాడని పిట్టల్ని పట్టిస్తావా అబ్బాజాన్? నిన్నగాక మొన్న పిల్లలు చేసినాయవి! నీ ఒట్టు యాడ పోయె?"

ఆయన నింపాదిగా టీ తాగుతున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

చేలోంచి కూత మొదలైంది. కిర్ర్‌ర్‌ర్... టక్! అచ్చం రాసినట్టే. ఒకసారి కాదు, వందసార్లు. ఆస్మా చెవులు మూసుకుంది.

ఎండెక్కాక అభిలాష్ దుమ్ము కొట్టుకుపోయి, ఖాళీ వలలతో తిరిగొచ్చాడు. గొంతు బొంగురుపోయింది.

"ఒక్కటీ రాలేదు మామా! అక్షరం తప్పకుండా కూసినా. ఉన్నవి గూడా యాడికి పోయినాయో ఏమో!"

అయ్యో పాపం అన్నట్టు తలూపాడు అమీర్ బాషా.

కారు ప్రొద్దుటూరు రోడ్డెక్కిందో లేదో, ఆస్మా పట్టలేని సంతోషంతో తండ్రి చెయ్యి పట్టుకుంది.

"కూత తప్పు రాసిచ్చినావు గదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా చప్పుడు లేకుండా నవ్వి, నాలుగు ముక్కలు టైపు చేసి ఆమె ముందు పెట్టాడు.

"గద్దొచ్చిందని తల్లి పిల్లలకు చెప్పే కూత అది."