నవ్వే పన్ను

"నా బోర్డు మీద పన్ను నవ్వుతూ ఉండాలమ్మా," అన్నాడు పళ్ళ డాక్టరు.

కొత్తగా సొంత కొట్టు తెరిచిన బోర్డుల పెయింటరమ్మ కుంచె కింద పెట్టేసింది.

"నవ్వే బొమ్మలు నేను వెయ్యనండీ. టైరుకి నవ్వు, కుళాయికి నవ్వు, ఆఖరికి చెప్పుకి కూడా నవ్వు పెట్టమనేవాడు మా అన్నయ్య. ఆ గోల పడలేకే ఆయన కొట్టు వదిలి వచ్చేశాను. ఇక అక్షరాలే రాస్తాను."

"మా డాక్టర్లందరి బోర్డులూ నీకే ఇప్పిస్తాను."

ఆమె ఖాళీ కొట్టు కేసి ఓసారి చూసుకుంది. పొద్దుటి నుంచి కొట్లోకి వచ్చింది ఈయనా, ఒక పిల్లీ.

"నేను అమ్ముడుపోను. అన్నయ్యనే అడగండి."

"అక్కణ్ణుంచే వస్తున్నాను. ఆయన వేసిన పన్ను చూసి నాకే భయమేసింది. 'నవ్వులు నావి కావండీ, మా చెల్లెలివి. అది వేస్తుంటే చూడాలనే అన్నిటికీ పెట్టించేవాణ్ణి' అని తల గోక్కున్నాడు."

ఆమె ముక్కు ఎగబీల్చి, కుంచె అందుకుంది.

"బుగ్గన సొట్ట కూడా పెడతాను."

"సొట్ట వద్దు తల్లీ, పుచ్చనుకుంటారు!"

"నా కొట్టు, నా ఇష్టం," అంటూ ఆమె తెల్లరంగు డబ్బా మూత తీసింది.