పొడి మంచులో వచ్చే పాలు

సారక్క నడిసముద్రంలో, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గడ్డకట్టించి పొడి మంచు (డ్రై ఐస్) తయారుచేసే ఓడ మీద పనిచేస్తుంది. రోజూ తన పాలు పిండి, సంచుల్లో పోసి, వారానికోసారి ఆ మంచే నింపిన పెట్టెలో పెట్టి డ్రోనులో రామగుండం పంపిస్తుంది. అక్కడ యాభై మూడు డిగ్రీల వేడిలో భర్త ఓదెలు ఐదు నెలల పాపను సాకుతున్నాడు.

వేడి గాలి తగిలితే మంచు నిలవదు. అందుకని ఓదెలు పాపను ఫ్యాను కింద పడుకోబెట్టి, పెట్టెను ఆ గాలి తగలకుండా వంటింటి మూలన బొంత చుట్టి ఉంచాడు. ఆవిరి పోవడానికి మాత్రం సందు వదిలాడు. లోపల ఖాళీ పెరిగినా మంచు తొందరగా హరించుకుపోతుంది. అందుకే ఒక్కో సంచి తీసిన చోట సారక్క పాత చీర కొంచెం కొంచెంగా కుక్కుతూ వచ్చాడు.

ఈసారి గాలిదుమారానికి డ్రోను రాలేదు. కిందటి పెట్టె వచ్చిన తొమ్మిదో రోజు సారక్క ఫోన్ చేసింది.

"మంచు ఉన్నదా?"

"పొద్దుగాల్నే అయిపోయింది. ఆఖరి సంచి ఇప్పుడే పాపకు పట్టిస్తున్న."

"మరి రేపు?"

"డబ్బా పాలు తెచ్చిన. నువ్వు రంది పెట్టుకోకు."



"ఫోను దాని నోటికాడ పెట్టు," అన్నది సారక్క.

ఓదెలు పెట్టాడు. పాప గుటకలు వింటుంటే, ఓడ మీద సారక్కకు పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది.