ఆనేకల్ ఎడమ చెయ్యి

దేవదానం కీబోర్డు ముందు కూర్చున్నాడు. కుడి చెయ్యి దాని మెట్ల మీద ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది. దాన్ని ఒళ్లో పెట్టింది కూడా కుడి చెయ్యే.

పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. మాట కుదురుకుంది, కాలు కుదురుకుంది, చెయ్యి మాత్రం రాలేదు. ఇరవై రెండేళ్లు చర్చిలో పాటలకు వాయించిన మనిషి. వీధిలో సగం మంది పిల్లలు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున, ఇదంతా తీసి పారెయ్యమన్నాడు భార్యతో. ఏడుపు లేదు, కోపం లేదు. పాలు విరిగాయి, పారబొయ్యి అన్నట్టు అన్నాడు. కీబోర్డు బరువు, సత్యభామ ఒక్కతే ఎత్తలేకపోయింది, అందుకని అది మిగిలింది. నోట్సు పుస్తకాలు, వాయించినవి దాచుకున్న ఫ్లాపీలు, గెలిచిన కప్పులు కార్పొరేషన్ చెత్తబండిలో వేసేశానని చెప్పింది. సరేనన్నాడు.

ఆ తర్వాత ఆయనకు అన్నం రుచి తెలియలేదు. వాన పడిందో లేదో కూడా తెలియలేదు.

సత్యభామ బెంగళూరు నగర్తపేటలో ఒక బట్టల హోల్‌సేల్ ఆఫీసులో టైపిస్టు. రెండువేల ఒకటిలో ఆ ఆఫీసువాళ్లు కొత్త కంప్యూటర్లు కొని, పాతదొకటి ఆమెకిచ్చారు. దాన్ని ఆటోలో ఇంటికి తెచ్చింది.

"ఏమండీ, ఇంటర్నెట్‌లో ఒక జాగా ఉండాదంట. మనం సగం పాట పంపితే మిగిలిన సగం ఎవరో వాయించి పంపిస్తారంట."

"నా మీద జాలిపడేదానికి మనిషిని వెతికి తెచ్చినావా?"

"మీ చెయ్యి సంగతి వాళ్లకేం తెలుసు? కుడి చెయ్యి పంపండి, చాలు."

కీబోర్డుకూ కంప్యూటరుకూ వైరు కలిపితే, నొక్కిన ప్రతి మెట్టూ తెర మీద చిన్న పచ్చ గడిలా పడుతుంది. ఆ ఫైల్లో శబ్దమేమీ ఉండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలి, ఎంతసేపు నొక్కాలి, అంతే ఉంటుంది. ఎవరింట్లో మోగిస్తే ఆ ఇంటి వాద్యం గొంతుతో పలుకుతుంది.

పోరు పడలేక, చర్చిలో ఎప్పుడూ పాడే పాట ఒకటి కుడి చేత్తో వాయించి పంపాడు. మర్నాడే జవాబు వచ్చింది. పేరు జ్ఞానప్రకాశం, ఊరు బెంగళూరు పక్కనున్న ఆనేకల్. ఎడమ చేతి ఫైలు జతచేశాడు. రెండూ కలిపి మోగించాడు దేవదానం. ఎక్కడా తగువు లేదు.

సంతోషపడ్డాడని చెప్పలేం. కానీ ఆ పూట చారులో ఉప్పు తక్కువైందన్నాడు. సత్యభామ ఉప్పు తేవడానికి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

మూడు నెలల్లో తొమ్మిది పాటలయ్యాయి. అన్నింట్లో ఒకటే తప్పు. చరణం చివర చిటికెన వేలు ఓ రవ్వ ఆలస్యంగా పడుతుంది. దేవదానం ఉండబట్టలేక రాశాడు: "మీ చిటికెన వేలు సోమరిది. మీకు నేర్పిన గురువు బెత్తం పట్టలేదనుకుంటాను."

జవాబు వచ్చింది: "అది మొదటినుంచీ అంతే సార్. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

"చూస్తివా భామా, పొగరు!"

"కొందరు అంతేలెండి," అంది సత్యభామ, చిక్కుడుకాయల నార తీస్తూ, తల ఎత్తకుండా.

ఇంతలో చర్చికి యాభయ్యేళ్లు నిండుతున్నాయని పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చారు. "ఆ రోజుకు కొత్త పాట కట్టి మీరే వాయించాలప్పా. ఎడమ చెయ్యి ఆ కంప్యూటరే వాయించనీ. కాదంటే ఇప్పుడే చెప్పండి, ఇన్నాళ్లూ ఖాళీగా పెట్టిన మీ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టాల్సి వస్తాది."

దేవదానం కాదనలేదు. నాలుగు రోజులు కూర్చుని పాట కట్టాడు. జబ్బు చేశాక కట్టిన మొదటి పాట. కుడి చెయ్యి పంపాడు. రోజూ పొద్దున్నే మోడెం గీపెట్టుకుంటూ కలిసేదాకా నిలబడి చూశాడు. ఐదో రోజు జవాబు వచ్చింది.

"ఈ పాట నాకు రాదు సార్. పాతవి ఏవైనా పంపండి."

"మొన్న కట్టిన పాట! ఎవరికైనా ఎట్లొస్తాది? నేర్చుకుంటే రాదా?"

"వదిలేయండి. పాపం, ఆయనకేం కష్టముండాదో," అంది సత్యభామ.

"వదిలేస్తే నా కుర్చీ పోతాది. నేనే ఆనేకల్ పోతా. పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తా. ఆ వేలి సంగతీ తేల్చేస్తా."

"సుమ్నే ఊరుకోండి. అడ్రసు లేదు, ఏం లేదు."

"ఆ ఊళ్లో కీబోర్డు వాయించేవాళ్లు ఎంతమంది ఉంటారు? బస్టాండులో దిగి అడిగితే చెప్తారు."

ఏడాదిగా గడప దాటని మనిషి. సత్యభామ ఆయన ముఖంలోకి చూసింది.

శనివారం పొద్దున ఆయనే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. గుండీలు ఒంటి చేత్తో పెట్టుకున్నాడు. సత్యభామ స్నానానికి వెళ్లింది. ప్రయాణంలో బీపీ మాత్రలు ఉండాలి కదా, అవి కొని తెచ్చేది సత్యభామే అని, ఆమె రోజూ ఆఫీసుకు మోసుకెళ్లే సంచిలో వెతికాడు. అడుగున పాత బిస్కెట్ల డబ్బా తగిలింది. మాత్రలు అందులో ఉంటాయనుకుని మోకాళ్ల మధ్య ఇరికించుకుని మూత లాగాడు.

లోపల తొమ్మిది ఫ్లాపీలున్నాయి, ప్రతిదాని మీదా ఆయన చేతిరాతే: "ఎడమ చెయ్యి, పిల్లల ప్రాక్టీసుకి, 1997, దేవదానం."