ఆకులిచ్చిన నలుపు

"నల్లనీళ్ళల్ల చేపలు పండ్లు తింటయ్ బిడ్డా."

ఆ మాట చెవిన పడగానే వజ్రమ్మ ఇంట్లోంచి ఉరికొచ్చింది.

ఖాడీ గోడ దగ్గర ఎవరో నడివయసు మనిషి. మోచేతుల దాకా రంగు మరకలు. పక్కనే నోరు తెరుచుకుని వజ్రమ్మ ఏడేళ్ళ కూతురు హారతి.

గోడకు అవతల, పాండేసర పేట బట్టల రంగు మిల్లుల మురికినీళ్ళు మోసుకుపోయే కాలువ, ఖాడీ. తారులా నల్లగా, నురగలు కక్కుతూ. ఈ వాడకు వచ్చి నెల కాలేదు. అప్పుడే వజ్రమ్మ ఎన్ని కలల్లో కూతుర్ని అందులో పోగొట్టుకుందో!

గోడకు ఇవతల మాత్రం ఇంకో నది. ఆ మనిషి సెలవునాడల్లా వచ్చి కొంచెం కొంచెంగా వేస్తున్న బొమ్మ. చిక్కటి టీ డికాక్షన్ రంగు నీళ్ళు. నడుముల దాకా మునిగి నిలబడ్డ చెట్లు. నీళ్ళలో తలకిందులైన ఆకాశం. కొమ్మల కింద ఎర్రతోకల చేపలు, రాలే పండు కోసం కాచుకుని.

"అమ్మా, ఆ నది మంచిదేనట! ఆకులు నాని నాని నల్లగైందట!"

"నోర్ముయ్. నడువ్ ఇంట్లకు."

"ఆ నలుపు ఆకులదమ్మా," అన్నాడు అతను మెల్లగా. "గీ ఖాడీ నలుపు మిల్లులది. గదే చెప్తున్న పిల్లకు."

"ఏంది చెప్పేది? పసిదానికి గా నలుపు, గీ నలుపు ఏం ఎరుక? రేపు పోయి దోసిట్ల పట్టుకుంటది! పిల్లలను కన్నోళ్ళకు తెలుస్తది ఆ భయం. నీకేం తెలుసు?"

అతను కుంచె తుడిచి, డబ్బాలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వజ్రమ్మ బకెట్ నిండా సున్నం కలిపింది. చేపతోక కూడా మిగలకుండా గోడంతా పూసింది. దిష్టి తీసినంత హాయిగా ఊపిరి పీల్చుకుంది.

సెలవునాడు అతను మళ్ళీ వచ్చాడు. తెల్లగోడను అరచేత్తో తడిమాడు. చేతికంటిన సున్నం చూసుకుంటూ పోయాడు.

పది రోజుల తర్వాత, బట్టలు ఆరేస్తున్న వజ్రమ్మకు గోడమీద ఎర్రగౌను కనబడింది.

హారతి! ఒక కాలు ఇటు, ఒక కాలు అటు.

అరిస్తే జడుసుకుని పడుతుందేమోనని నోరు నొక్కుకుని పరుగెత్తింది. నడుము పట్టి కిందికి లాగింది. వీపుమీద ఒక్కటేసి, తానే ఏడ్చింది.

"గోడెందుకు ఎక్కినవే?"

"ఇటు చేపలు లేవు గదమ్మా. అటు పోయినయేమోనని చూసిన."

ఏడుపు విని పక్కింటి సారక్క వచ్చింది.

"మొండయ్య బొమ్మ ఉన్నన్ని దినాలు ఒక్క పిల్ల గోడెక్కలే చెల్లె. అందరు ఇటే కూసుండి చూసేటోళ్ళు."

వజ్రమ్మ కూతుర్ని ఒడిలోకి లాక్కుంది. "ఆయన యాడుంటడు సారక్కా? కాళ్ళు మొక్కి అడుగుత, మళ్ళ గియ్యుమని."

"ఇంకెక్కడి మొండయ్య? మొన్ననే ఉధ్నా టేషన్ల ఊరి బండెక్కిండు. ఇగ రాడు."

"ఎందుకు రాడు?"

సారక్క సున్నం గోడ వంక చూసింది.

"నువ్వసలే భయస్తురాలివని చెప్పలే. ఆయనకు ఒక్కతే బిడ్డ ఉండె. గా నల్లనది పాఠం బడి పుస్తకంల చదివి, మన ఖాడీల గూడ చేపలున్నయా అని, పోయిన వానకాలం గిదే గోడెక్కింది."